కోడ్ ఎడిటర్ షార్ట్‌కట్లు ఎందుకు గుర్తుండవు?

సంక్రాంతి సెలవులకు కందుకూరు నుంచి మా ఇంటికి వచ్చిన మేనల్లుడు రెండో రోజు పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అత్తా, స్క్రీన్ తలకిందులైపోయింది. నేనేం చెయ్యలేదు" అన్నాడు. నిజంగానే అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. వాడు చేసిందల్లా వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో కింది లైన్ మీద ఇంకో కర్సర్ పెట్టడానికి కంట్రోల్+ఆల్ట్+డౌన్ యారో నొక్కడమే. ఆ కీలు ఎడిటర్ దాకా చేరనే లేదు. మధ్యలో స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామ్, గ్రాఫిక్స్ డ్రైవర్, పట్టేసుకుంది. కంట్రోల్+ఆల్ట్+అప్ యారో నొక్కాను, స్క్రీన్ మామూలైంది. వాడి మొహంలో టెన్షన్ మాత్రం తగ్గలేదు.

వాడు ఒంగోలులో బీటెక్ రెండో ఏడు. సీనియర్లు ఇచ్చారని రెండు పేజీల ప్రింటవుట్ ఒకటి బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అందులో వందకు పైగా షార్ట్‌కట్లు. రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాడట. నాలుగో రోజుకు మొదటి పదీ పోతున్నాయట. నేను పన్నెండేళ్లుగా కోడ్ రాస్తున్నాను, ఈ మధ్య నాలుగేళ్లు నెల్లూరు వేదాయపాళెంలో ఇంటి నుంచే. ఆ కాగితంలో ఉన్నవాటిలో రోజూ నా చేతికి తగిలేవి ఇరవైకి మించవు. ఆ సెలవుల్లో వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. కీల పేర్లు విండోస్‌లో వీఎస్ కోడ్‌వి. మ్యాక్‌లో చాలావరకు కంట్రోల్ బదులు కమాండ్ వస్తుంది. లినక్స్‌లో కొన్ని తేడాగా ఉంటాయి.

మిగిలే టైమ్ ఎంత?

షార్ట్‌కట్లు వస్తే బోలెడు టైమ్ మిగులుతుందని అందరూ అంటారు. లెక్కేసి చూద్దాం. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూవెల్ అనే పరిశోధకులు కంప్యూటర్ ముందు మనిషి చేసే పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఎంతసేపు పడుతుందో అంకెలు వేశారు. బాగా టైపు వచ్చినవాళ్లకు ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకన్లు. చెయ్యి కీబోర్డ్ నుంచి మౌస్ మీదికి పోవడానికి 0.4. మౌస్‌తో గురి చూసి ఒక చోటికి చేరడానికి 1.1. చేయబోయే పనిని మనసులో సిద్ధం చేసుకోవడానికి 1.35.

ఒక బటన్ మీద క్లిక్ చేయాలనుకోండి. చెయ్యి మౌస్ మీదికి పోవాలి, గురి చూడాలి, నొక్కాలి, మళ్లీ కీబోర్డ్ మీదికి రావాలి. మొత్తం 2.1 సెకన్లు. అదే పని రెండు కీలతో అయితే 0.4. మిగిలింది 1.7 సెకన్లు. రోజుకు 200 సార్లు ఇలా చేశామనుకున్నా మిగిలేది 340 సెకన్లే, ఆరు నిమిషాలు కూడా నిండవు. పైగా "ఆ షార్ట్‌కట్ ఏందబ్బా" అని ఒక్క క్షణం ఆగితే ఆ 1.35 సెకన్లు వచ్చి కలుస్తాయి. మిగిలిన కాస్తా దాదాపు కరిగిపోతుంది. వంద షార్ట్‌కట్లు సగం సగం తెలిసిన మనిషికి మౌసే నయం అనిపించడంలో వింతేం లేదు.

మా అమ్మ పెళ్లికి ముందు నెల్లూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లోయర్, హయ్యర్ రెండూ పాసైంది. వాళ్లకు మొదటి పాఠం ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. పేజీలకు పేజీలు అదే. ఇప్పుడు అమ్మను "పి అక్షరం ఎక్కడుంది?" అని అడిగితే నోటితో చెప్పలేదు. కుడిచేతి చిటికెన వేలు గాల్లో పైకి జరిపి చూసుకుని "ఇక్కడ" అంటుంది. షార్ట్‌కట్ చేతికి రావడం అంటే అట్లా రావాలి. అందుకే మేనల్లుడికి వారానికి రెండే చాలని చెప్పాను. ఆ వారం మౌస్‌తో ఆ రెండు పనులు చేయకూడదు, అంతే నియమం.

ఆరు నిమిషాల కోసం ఇంత శ్రమ ఎందుకని వాడు అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. కోడ్ రాసేటప్పుడు బుర్రలో నాలుగైదు సంగతులు ఒకేసారి పట్టుకుని ఉంటాం. ఈ ఫంక్షన్‌లోకి ఏం వస్తోంది, బయటికి ఏం పోతోంది, ఎర్రర్ ఏ లైన్‌లో చూపించింది, ఇందాక మార్చిన పేరేంటి. చెయ్యి మౌస్ మీదికి, కన్ను ఎడమపక్క ఫైళ్ల జాబితా మీదికి పోయి వచ్చేసరికి వాటిలో ఒకటి జారిపోతుంది. దాన్ని మళ్లీ తలకెక్కించుకోవడానికి పట్టే టైమ్ పై లెక్కలో ఎక్కడా లేదు. ఇంకోటి కూడా ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది: కొన్ని షార్ట్‌కట్లు మనల్ని తప్పు చేయకుండా ఆపుతాయి. దాని గురించి కాసేపట్లో.

ఎంత అడుగు, ఏం పని

ప్రింటవుట్‌లో వందగా కనిపించేవి నిజానికి వంద విడి సంగతులు కావు. ప్రతి షార్ట్‌కట్‌లో రెండు విషయాలుంటాయి: ఏం పని చేస్తున్నాం, ఎంత ముక్క మీద చేస్తున్నాం. ముక్కలు చిన్నవాటి నుంచి పెద్దవాటికి మెట్లుగా ఉంటాయి. అక్షరం, పదం, లైన్, ఒక బ్లాక్, ఒక ఫంక్షన్ లేదా వేరియబుల్ పేరు, ఫైల్, మొత్తం ప్రాజెక్ట్.

యారో కీ ఒక అక్షరం జరుగుతుంది. కంట్రోల్ తోడైతే ఒక పదం జరుగుతుంది. షిఫ్ట్ తోడైతే జరిగినంత మేరా సెలెక్ట్ అవుతుంది. మూడూ కలిస్తే పదం మొత్తం సెలెక్ట్ అవుతుంది. బ్యాక్‌స్పేస్ ఒక అక్షరం చెరుపుతుంది, కంట్రోల్+బ్యాక్‌స్పేస్ ఒక పదం. హోమ్, ఎండ్ లైన్ చివరలకు, కంట్రోల్ తోడైతే ఫైల్ చివరలకు. అంటే ఇక్కడ కంట్రోల్ పని అడుగు పెద్దది చేయడం, షిఫ్ట్ పని పట్టుకుని ఉండడం. ఇంత తెలిస్తే కాగితంలో పన్నెండు వరుసలు చదవనక్కర్లేదు. ఎడిటర్‌లోనే కాదు, మెయిల్ రాసేటప్పుడూ ఇవే పనిచేస్తాయి.

లైన్ మెట్టు దగ్గర చాలామందికి తెలియనిది ఒకటుంది. ఏమీ సెలెక్ట్ చేయకుండా కర్సర్ లైన్‌లో ఎక్కడున్నా సరే, కంట్రోల్+సి నొక్కితే లైన్ మొత్తం కాపీ అవుతుంది, కంట్రోల్+ఎక్స్ నొక్కితే లైన్ మొత్తం కట్ అవుతుంది. ఆల్ట్ పట్టుకుని పైకో కిందికో యారో నొక్కితే లైన్ దానంతట అది జరుగుతుంది. షిఫ్ట్+ఆల్ట్+డౌన్ నొక్కితే లైన్‌కు కింద ఇంకో నకలు పడుతుంది. లినక్స్‌లో ఇదే షిఫ్ట్+ఆల్ట్+డౌన్ కింది లైన్ మీద కొత్త కర్సర్ పెడుతుంది, నకలు కోసం కంట్రోల్ కూడా కలపాలి. కంట్రోల్+స్లాష్ లైన్‌ను కామెంట్‌గా మారుస్తుంది, మళ్లీ నొక్కితే తీసేస్తుంది. ఈ నాలుగైదు వస్తే రోజువారీ రాతలో సగం సాఫీగా సాగుతుంది.

ఇక అసలు పట్టు పేర్ల దగ్గరుంది. మా వాడి ప్రాజెక్ట్ ధాన్యం లెక్కలది. మా నెల్లూరులో ధాన్యాన్ని పుట్టిలో చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. కిలోల్లో బరువు ఇస్తే పుట్టి ధరను బట్టి రైతుకు ఎంత రావాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్. అందులో పుట్టి ధరకు "రేట్" అని వేరియబుల్ పెట్టాడు. తాలు తీసేసి లెక్క కట్టే ఫంక్షన్ పేరు "సెపరేట్", రసీదు తయారుచేసేది "జనరేట్ బిల్". తర్వాత రేట్ అనే పేరు నచ్చక ప్రైస్ అని మార్చాలనుకున్నాడు. ఒక మాటను వెతికి ఇంకో మాట పెట్టే కంట్రోల్+హెచ్ తెరిచి అన్నిచోట్లా మార్చమన్నాడు. సెపరేట్ కాస్తా సెపప్రైస్ అయింది, జనరేట్ కాస్తా జనెప్రైస్ అయింది. ఎర్రర్లు వరదలా వచ్చాయి. కంట్రోల్+జెడ్ ఉంది కాబట్టి సరిపోయింది. మార్కాపురం పలక మీద తుడిచేసింది మళ్లీ రాదు, ఇక్కడ వస్తుంది.

ఆ పనికి సరైన కీ ఎఫ్2. కర్సర్ రేట్ మీద పెట్టి ఎఫ్2 నొక్కి కొత్త పేరు ఇస్తే, ఆ వేరియబుల్ వాడిన చోట్ల మాత్రమే, అది ఎన్ని ఫైళ్లలో ఉన్నా, పేరు మారుతుంది. సెపరేట్ జోలికి పోదు. వేరే ఫంక్షన్‌లో రేట్ అనే పేరుతోనే ఇంకో వేరియబుల్ ఉన్నా దాన్ని ముట్టుకోదు. తేడా ఎక్కడుందంటే, కంట్రోల్+హెచ్‌కు కనిపించేది అక్షరాల వరుస. ఎఫ్2కు కనిపించేది కోడ్ అర్థం. ఆ అర్థం ఎడిటర్ సొంతంగా కనిపెట్టదు. ఆ భాషను చదివి చెప్పే వేరే ప్రోగ్రామ్ ఒకటి వెనకాల నడుస్తుంటుంది. దాన్ని లాంగ్వేజ్ సర్వర్ అంటారు. ఎడిటరూ అదీ మాట్లాడుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2016లో అందరికీ తెరిచి పెట్టింది, అప్పటి నుంచి చాలా ఎడిటర్లు అదే వాడుతున్నాయి. కాబట్టి ఆ సర్వర్‌ను తెచ్చిపెట్టే పైథాన్ ఎక్స్‌టెన్షన్ వేసుకోకుండా పైథాన్ ఫైల్‌లో ఎఫ్2 నొక్కి "ఇది పనిచేయట్లేదు" అంటే తప్పు కీది కాదు.

ఎఫ్12 కూడా ఆ సర్వర్ మీదే ఆధారపడుతుంది. ఫంక్షన్ పేరు మీద నొక్కితే అది రాసి ఉన్న చోటికి తీసుకుపోతుంది. ఆల్ట్+లెఫ్ట్ నొక్కితే బయలుదేరిన చోటికి తీసుకొస్తుంది. ఈ రెండూ జంటగా నేర్చుకోవాలి. పోవడం వచ్చి తిరిగి రావడం రాకపోతే కోడ్‌లో దారి తప్పినట్టే ఉంటుంది. షిఫ్ట్+ఎఫ్12 ఆ ఫంక్షన్‌ను ఎవరెవరు పిలుస్తున్నారో చూపిస్తుంది. వేరేవాళ్లు రాసిన కోడ్ చదవాల్సి వచ్చినప్పుడు నాకు దీనంత ఉపయోగపడింది మరొకటి లేదు.

పేరు కాకుండా ఉత్త అంకెలో అక్షరాలో మార్చాలంటే కంట్రోల్+డి. మా వాడి కోడ్‌లో 850 ఆరుచోట్ల ఉంది. ఐదు పుట్టి బరువు, ఒకటి లారీ బాడుగ 850 రూపాయలు. మొదటిదాని మీద కర్సర్ పెట్టి కంట్రోల్+డి నొక్కితే అది సెలెక్ట్ అవుతుంది. మళ్లీ నొక్కినకొద్దీ తర్వాతి 850లు ఒక్కొక్కటే కలుస్తాయి, ఒక్కోదాని దగ్గర ఒక్కో కర్సర్. బాడుగ 850 కూడా కలిసిందనుకోండి, అప్పుడు కంట్రోల్+కె, కంట్రోల్+డి వరుసగా నొక్కితే దాన్ని వదిలి తర్వాతిదానికి పోతుంది. పొరపాటున ఎక్కువ కలిపేస్తే కంట్రోల్+యు ఒకడుగు వెనక్కి తీసుకుంటుంది. ఇప్పుడు టైపు చేసింది ఐదుచోట్లా ఒకేసారి పడుతుంది. మడిలో నాట్లు వేసే ఆడవాళ్లు వరుసగా వంగి ఒకేసారి వెనక్కి అడుగేసినట్టు కర్సర్లన్నీ కలిసి కదులుతాయి. అన్నీ ఒక్కసారే కావాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఎల్. నేను దాన్ని తక్కువ వాడతాను, ఎందుకంటే ఒక్కొక్కటే కలిపేటప్పుడు కన్ను ప్రతిదాన్నీ చూస్తుంది. బాడుగ 850 అట్లాగే దొరికింది. ఇంకా మాట్లాడితే 850కి ఒక పేరు పెట్టి పైన ఒక్కచోట రాసుకోవడమే సరైన పని. వాడు చివరికి అదే చేశాడు.

ఫైల్ మెట్టుకు కంట్రోల్+పి. తెరుచుకున్న పెట్టెలో ఫైల్ పేరు పూర్తిగా కొట్టనక్కర్లేదు, అక్కడక్కడా నాలుగక్షరాలు వరుస తప్పకుండా కొడితే చాలు. అదే పెట్టెలో కోలన్ పెట్టి అంకె కొడితే ఆ లైన్‌కు పోతుంది. యాట్ గుర్తు కొడితే ఆ ఫైల్‌లోని ఫంక్షన్ల జాబితా వస్తుంది. గ్రేటర్ దేన్ గుర్తు కొడితే ఎడిటర్ చేయగల పనులన్నీ వస్తాయి. ఆ చివరిదానికే కంట్రోల్+షిఫ్ట్+పి అని నేరు దారి ఉంది. ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే నేను దీన్నే చెబుతాను. ఏ పని కావాలో ఇంగ్లీషులో రెండు ముక్కలు కొడితే ఆ పని కనిపిస్తుంది, పక్కనే దాని షార్ట్‌కట్ కూడా రాసి ఉంటుంది. రోజూ వాడే పనికి ఆ పక్కన రాసింది చూస్తూ చూస్తూ అదే చేతికొస్తుంది. మా వాడు ప్రింటవుట్‌ను ఆ రోజే పుస్తకంలో పెట్టేశాడు.

కీ ఎవరి చేతిలో పడుతుంది?

స్క్రీన్ తలకిందులైన సంగతికి వద్దాం. మనం నొక్కిన కీ తిన్నగా ఎడిటర్‌కు పోదు, దారిలో చాలామంది ఉంటారు. ముందు కీబోర్డే ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2, ఎఫ్12 నొక్కితే వెలుతురు తగ్గడమో సౌండ్ పెరగడమో జరుగుతుంది. ఎఫ్ఎన్ కీ కలిపి నొక్కాలి, లేదా ఎఫ్ఎన్ లాక్ వేసుకోవాలి. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్, దానితోపాటు డ్రైవర్లు. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లలో కంట్రోల్, ఆల్ట్, యారో కలిస్తే స్క్రీన్ తిప్పడం అని రాసిపెట్టి ఉంటుంది. ఆ డ్రైవర్ సెట్టింగుల్లో హాట్‌కీలు ఆపేస్తే కీ ఎడిటర్ దాకా వస్తుంది. వీఎస్ కోడ్‌ను బ్రౌజర్‌లో తెరిచి వాడేవాళ్లకు బ్రౌజర్ ఇంకో అడ్డు. అక్కడ కంట్రోల్+డబ్ల్యు నొక్కితే ఫైల్ కాదు, ట్యాబే మూసుకుపోవచ్చు.

తెలుగులో కూడా టైపు చేసే మనలాంటివాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. విండోస్‌లో ఇంగ్లీషు, తెలుగు రెండు కీబోర్డులు పెట్టుకుంటే ఎడమ ఆల్ట్+షిఫ్ట్ భాష మార్చే షార్ట్‌కట్. ఫైల్ మొత్తాన్ని పద్ధతిగా సర్దే షిఫ్ట్+ఆల్ట్+ఎఫ్, లైన్‌కు నకలు తీసే షిఫ్ట్+ఆల్ట్+డౌన్, రెండూ ఆ జంటతోనే మొదలవుతాయి. వేలు కాస్త అటూ ఇటూ అయితే భాష మారిపోయి, తర్వాత కొట్టిన ఫర్ లూప్ తెలుగు అక్షరాల్లో పడుతుంది. కీబోర్డ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఆ హాట్‌కీ తీసేసి, భాష మార్చడానికి విండోస్ కీ+స్పేస్ వాడుకుంటే గొడవ పోతుంది.

ఎడిటర్ లోపలికి వచ్చాక కూడా కర్సర్ ఎక్కడుందనేది ముఖ్యం. కోడ్‌లో కంట్రోల్+సి కాపీ. కింద ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌ను అదే కంట్రోల్+సి ఆపేస్తుంది. ఇది ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. టెర్మినల్ అలవాట్లు కాపీ, పేస్ట్ కన్నా పాతవి. కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే యాస్కీ పట్టికలో పెద్ద ఎ అంకె 65, సి అంకె 67. కంట్రోల్ కలిపితే అందులోంచి 64 పోతుంది. సి మిగిలేది 3, దానికి టెక్స్ట్ ముగిసింది అని అర్థం. ఆ 3నే ఆపమనే సంకేతంగా వాడుకున్నారు. టెర్మినల్‌లో కంట్రోల్+ఐ నొక్కితే ట్యాబ్ పడేది, కంట్రోల్+ఎమ్ నొక్కితే ఎంటర్ పడేది ఈ లెక్కతోనే, వాటి అంకెలు 9, 13. కాపీ, పేస్ట్ ఆలోచన 1970లలో జిరాక్స్ పార్క్ అనే పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ చేసిన ఎడిటర్ నుంచి వచ్చింది. జెడ్, ఎక్స్, సి, వి కీల వరుసను ఆపిల్ లీసా, మెకింటాష్ మెషీన్లు ప్రచారంలోకి తెచ్చాయి. రెండు వేర్వేరు కాలాల అలవాట్లు ఒకే కిటికీలో పక్కపక్కన ఉన్నాయి, అందుకే ఈ తకరారు.

మన కాలేజీల్లో చాలామంది మొదట చూసేది సి భాషకు వాడే పాత ఎడిటర్ టర్బో సి నీలం తెర. అక్కడ ఎఫ్2 అంటే సేవ్, కంట్రోల్+ఎఫ్9 రన్, ఆల్ట్+ఎఫ్5 అవుట్‌పుట్ చూడడం, కంట్రోల్+వై లైన్ చెరపడం. వీఎస్ కోడ్‌కు వచ్చాక ఎఫ్2 పేరు మార్పు అయింది, కంట్రోల్+వై అన్‌డూ చేసింది మళ్లీ తెచ్చేది అయింది, లైన్ చెరపడానికి కంట్రోల్+షిఫ్ట్+కె కావాలి, రన్ చేయడానికి ఎఫ్5. ఆండ్రాయిడ్ స్టూడియోలో పేరు మార్చాలంటే షిఫ్ట్+ఎఫ్6, కంట్రోల్+డి అక్కడ లైన్‌కు నకలు తీస్తుంది. కీలు మారాయి, పనులు మాత్రం అవే. అందుకే "దీని కీ ఏంటి" అని కాకుండా "పేరు మార్చడం ఇక్కడ ఎలా" అని వెతికే అలవాటు ఉన్నవాళ్లకు ఏ ఎడిటర్‌కు మారినా వారంలో చెయ్యి కుదురుతుంది.

జంటగా నొక్కేవాటి దగ్గర ఒక జాగ్రత్త. కంట్రోల్+కె నొక్కగానే ఎడిటర్ కింద రెండో కీ కోసం చూస్తున్నానని చెబుతుంది. కంట్రోల్ వదిలేసి ఎస్ నొక్కితే తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ అవుతాయి. కంట్రోల్ వదలకుండా ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. వేలు వదలడం, వదలకపోవడం రెండు వేర్వేరు ఆజ్ఞలు.

ఆ పట్టికే సొంతంగా మార్చుకునే చోటు. అందులో రికార్డ్ కీస్ అనే బొమ్మ నొక్కి ఏ కీలు నొక్కినా వాటికి ఏ పని కట్టి ఉందో చూపిస్తుంది. ఒకే కీకి రెండు పనులు కట్టి ఉంటే పక్కన వెన్ అనే గడిలో ఏది ఎప్పుడు వర్తిస్తుందో రాసి ఉంటుంది. అయినా అంతుపట్టకపోతే కంట్రోల్+షిఫ్ట్+పిలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్ అని వెతికి ఆన్ చేస్తే, నొక్కిన ప్రతి కీకి ఎడిటర్ ఏమనుకుందో కింద అవుట్‌పుట్‌లో రాస్తుంది. అక్కడ ఏమీ రాకపోతే కీ ఎడిటర్‌కు చేరలేదని అర్థం, వెతకాల్సింది డ్రైవర్‌లోనో విండోస్‌లోనో.

మా వాడు రెండు కీలు మార్చుకున్నాడు, వెళ్లే రోజు ఒక సందేహం అడిగాడు. కాలేజీ ల్యాబ్‌లో మెషీన్ రోజుకొకటి వస్తుంది, ఈ మార్పులు అక్కడ ఉండవు కదా అని. సెట్టింగ్స్ సింక్ ఆన్ చేసి గిట్‌హబ్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే ఏ మెషీన్‌లోనైనా మన కీలు మనకు వస్తాయి. అది అందరూ కూర్చునే మెషీన్ కాబట్టి లేచేముందు సైన్ అవుట్ చేయాలని, ముందు ల్యాబ్ సార్‌ను అడిగి చేయమని చెప్పి బస్సెక్కించాను.